ఆ కదిలే చుక్కలో మనుషులున్నారు

రంజాన్ నెలవంక కోసం డాబా ఎక్కిన సాయంత్రం మా ఇంట్లో మొదలైన ముచ్చట ఇది. మగ్రిబ్ నమాజు ముగించుకొని ఇంటిల్లిపాదీ పైకి చేరాం. పడమటి దిక్కున మబ్బు పట్టింది. నెలవంక జాడ లేదు. పెద్దలంతా అటే కళ్లు చికిలించుకొని చూస్తుంటే, మా చెల్లెలి కూతురు, పదేళ్ల పిల్ల, వెనక్కి తిరిగి, "మామూ, అటు చూడండి, ఓ చుక్క నడుస్తోంది" అంది.

నిజంగానే నడుస్తోంది. నైరుతి మూల నుంచి ఈశాన్యానికి, మిణుకు మిణుకుమనకుండా, చప్పుడు లేకుండా, మిగతా నక్షత్రాలన్నింటికంటే మెరుస్తూ. నాలుగైదు నిమిషాల్లో నెత్తిమీదుగా సాగిపోయి ఉన్నట్టుండి ఆరిపోయింది. విమానమైతే లైట్లు వెలిగి ఆరుతుంటాయి. ఇది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. ఫుట్‌బాల్ మైదానమంత పొడవున్న ఈ కేంద్రం మీద సూర్యకాంతి పడి మనకు చుక్కలా కనిపిస్తుంది. "అందులో మనుషులున్నారు" అని చెప్పానో లేదో, నెలవంక సంగతి అందరూ మరచిపోయారు.

ఆ రాత్రి పిల్లలు అడిగిన ప్రశ్నలు ఇన్నీ అన్నీ కావు. కొన్నింటికి జవాబు చెప్పాను. రెండింటికి తప్పు చెప్పాను. ఒకదానికి "ఊరుకో, అవేం ప్రశ్నలు" అని మా అమ్మ, పిల్లలకు నానీ, అడ్డుపడింది. చిత్రమేమిటంటే అందరికంటే గట్టి ప్రశ్న చివరకు ఆమే అడిగింది. "అంత ఎత్తున నమాజు ఎట్లా చదువుతారు బేటా? ఖిబ్లా ఎటని నిలబడతారు?" అని.

మీ ఇళ్లలోనూ పిల్లలు ఇలాంటివే అడుగుతుంటారు. ఆ రాత్రి నేను తడబడిన చోట మీరు తడబడకూడదని, తర్వాత వెతికి తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

పడిపోతూనే ఉంటారు

మొదటి తప్పు ఇక్కడే చేశాను. "వాళ్లు గాలిలో ఎందుకు తేలుతారు?" అని ఏడేళ్ల మేనల్లుడు అడిగితే, "అక్కడ భూమి ఆకర్షణ ఉండదు కదా" అన్నాను. చాలామంది పెద్దలు చెప్పే జవాబే ఇది. కానీ ఇది తప్పు.

అంతరిక్ష కేంద్రం మనకు దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే హైదరాబాద్ నుంచి నెల్లూరుకు బస్సులో వెళ్లేంత దూరం కూడా కాదు. ఆ ఎత్తున భూమి ఆకర్షణ ఇక్కడున్న దానిలో సుమారు 90 శాతం ఉంటుంది. అంత ఎత్తు మినార్ ఒకటి కట్టి దాని మీద నిలబడితే, ఇక్కడ 50 కిలోలు తూగే మనిషి అక్కడ 45 కిలోలు తూగుతాడు. తేలడు.

మరి తేలడం ఎందుకు? ఎందుకంటే వాళ్లు, వాళ్లతోపాటు ఆ కేంద్రమూ ఎప్పుడూ కిందికి పడిపోతూనే ఉంటారు. నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పైకి వెళ్లిన తొట్టి సర్రున దిగేటప్పుడు కడుపులో ఏదో తేలినట్టు అనిపిస్తుంది చూడండి, అదే. మనకది ఒక్క క్షణం. వాళ్లకు నెలల తరబడి.

"పడుతుంటే భూమ్మీదికి రావాలిగా?" ఇది రెండో ప్రశ్న. రాయి విసిరితే కొంచెం దూరం పోయి పడుతుంది. ఇంకా గట్టిగా విసిరితే ఇంకా దూరం పోతుంది. గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో విసిరితే, అది పడేలోపు గుండ్రటి భూమి కూడా దాని కింద నుంచి వంగిపోతూ ఉంటుంది. ఎంత పడినా నేల దొరకదు. అలా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఆ వేగానికి హైదరాబాద్, విజయవాడల మధ్య దూరం అర నిమిషం పైన కొద్ది సెకన్ల పని. ఒక్కో చుట్టుకు గంటన్నర పడుతుంది. కాబట్టి 24 గంటల్లో వాళ్లు సుమారు 16 సూర్యోదయాలు, 16 సూర్యాస్తమయాలు చూస్తారు. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, నమాజు దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఇలా తేలడం చూడ్డానికి వేడుకగా ఉంటుంది గానీ ఒంటికి మంచిది కాదు. మొదటి రెండు మూడు రోజులు చాలామందికి తల తిప్పుతుంది, వాంతులవుతాయి. కాళ్లలో ఉండవలసిన ద్రవం పైకి చేరి ముఖం ఉబ్బుతుంది, కాళ్లు సన్నబడతాయి. వెన్నెముక సాగి మనిషి కాస్త పొడుగవుతాడు, భూమ్మీదికి వచ్చాక మళ్లీ మామూలే. మోయవలసిన బరువు లేక ఎముకలు నెలకు ఒక శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ బలాన్ని కోల్పోతాయి. అందుకే ప్రతి వ్యోమగామీ రోజుకు సుమారు రెండు గంటలు వ్యాయామం చేసి తీరాలి. పరుగుపెట్టే యంత్రం మీద రబ్బరు పట్టీలతో తమను తాము కిందికి కట్టేసుకొని పరుగెత్తుతారు. మన పెద్దవాళ్లు మోకాళ్లు పట్టేశాయని మెట్లెక్కడం మానేస్తుంటారు. వాళ్లకీ సంగతి చెబితే బాగుంటుంది.

నానీ అడ్డుపడిన ప్రశ్న

అది బాత్‌రూమ్ గురించి. ఏ దేశంలోనైనా వ్యోమగాములు బడికి వెళితే పిల్లలు ముందుగా అడిగేది ఇదేనట. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. తహారత్ గురించి చిన్నప్పటి నుంచే నేర్పుకొనే ఇళ్లు మనవి, ఇది మనకు సహజంగా వచ్చే ప్రశ్నే.

అక్కడ ఏదీ కిందికి పడదు కాబట్టి నీళ్లు పోసి కడగడం కుదరదు. నీళ్లు బొట్లు బొట్లుగా ముద్దకట్టి గదంతా తిరుగుతాయి. అందుకని గాలితో లాగే ఏర్పాటు ఉంటుంది. మూత్రానికి ఒక గొట్టం, దాని చివర గరాటు. ఇంకోదానికి చిన్న రంధ్రమున్న పీట, కాళ్లు జారిపోకుండా పట్టీలు. శుభ్రం చేసుకోవడానికి తడిపిన గుడ్డలు, కాగితం. ఘన వ్యర్థాలను మూటకట్టి, సరకులు తెచ్చిన నౌక తిరిగి వెళ్లేటప్పుడు అందులో పెట్టి పంపేస్తారు. అది గాలిలో ప్రవేశించగానే మండి బూడిదవుతుంది. విడిచిన బట్టలదీ అదే దారి. అక్కడ ఉతకడం లేదు. కొన్నాళ్లు తొడుక్కొని పారేయడమే. ఈ మాట విని మా మేనల్లుడు వెంటనే వ్యోమగామి అయిపోతానన్నాడు.

మూత్రాన్ని మాత్రం పారేయరు. దాన్నీ, చెమటనూ, ఊపిరిలోంచి గాలిలో కలిసిన తేమనూ పోగుచేసి, మరిగించి, వడగట్టి, రసాయనాలతో శుద్ధిచేసి తిరిగి తాగునీరు తయారుచేస్తారు. వాడిన నీటిలో 98 శాతం దాకా వెనక్కి రాబట్టగలిగామని 2023లో నాసా ప్రకటించింది. శ్రీశైలంలోనూ సాగర్‌లోనూ నీళ్లు ఎంతున్నాయో పేపర్లో చూసుకొని బతికే మనలాంటివాళ్లు ఆ అంకె దగ్గర కాసేపు ఆగవలసిందే.

"అయితే ఆ నీళ్లు పాక్ అవుతాయా?" అన్నది నానీ. ఈ సందేహం భూమ్మీదే ఎప్పుడో వచ్చింది. మురుగునీటిని శుద్ధిచేసి వాడుకోవచ్చా అన్నదాని మీద సౌదీ అరేబియా పెద్ద ఉలమాల మండలి 1978లో ఫత్వా ఇచ్చింది. ఆధునిక పద్ధతుల్లో శుద్ధిచేసి, మాలిన్యం తాలూకు రంగు, రుచి, వాసన ఏదీ మిగలకుండా చేస్తే ఆ నీరు తిరిగి పరిశుద్ధమైనట్టేనని అందులో తేల్చారు. తాగడానికి మాత్రం, ఆరోగ్యం దృష్ట్యానూ మనసు ఒప్పదు గనుకనూ, వాడకపోవడమే మేలన్నారు. వేరే నీళ్లు దొరికే చోట ఆ మాట సబబే. రోదసిలో వేరే బావి లేదు.

తిండి, నిద్ర

తిండి గురించి అడిగింది అందరికంటే చిన్నవాడు. "బిర్యానీ దొరుకుతుందా?" అని.

మెతుకులు విడివిడిగా తేలిపోయే ఏ వంటకమైనా అక్కడ ఇబ్బందే. బ్రెడ్డు తీసుకెళ్లరు, పొడి రాలి యంత్రాల్లోకీ కళ్లలోకీ పోతుందని. దాని బదులు మన చపాతీలాంటి పల్చటి రొట్టెలు వాడతారు. ఉప్పు, మిరియాల పొడి ద్రవరూపంలో ఉంటాయి. చాలా వంటకాలు నీరు తీసేసి ఎండబెట్టిన పొట్లాలు. వేడినీళ్లు ఎక్కిస్తే తినడానికి సిద్ధం. ముక్కు దిబ్బడ వేసినట్టుండి రుచి సరిగా తెలియదు. అందుకని కారంగా ఉన్నవాటికి గిరాకీ ఎక్కువ. మన ఆవకాయ వెళ్తే ఏమయ్యేదో!

1984లో రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో వెళ్లినప్పుడు ఆయనకు కావలసిన భారతీయ వంటకాలను మైసూరులోని రక్షణ శాఖ ఆహార ప్రయోగశాల తయారుచేసింది. 2025 జూన్ 25న బయల్దేరి అంతర్జాతీయ కేంద్రానికి వెళ్లిన తొలి భారతీయుడు శుభాంశు శుక్లా క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం వెంట పట్టుకెళ్లారు. అక్కడ పెసలు, మెంతులు మొలకెత్తించి చూడటం కూడా ఆయన చేసిన ప్రయోగాల్లో ఒకటి. ఇది పిల్లలు ఇంట్లోనే తడిగుడ్డలో చేయగలిగిన ప్రయోగం. కాకపోతే మన మొలకల వేళ్లు కిందికే పోతాయి. కింద అనేదే లేనిచోట వేరు ఎటు పోవాలి? ఇది నేను పిల్లలను అడిగిన ప్రశ్న.

నిద్ర సంగతి ఒక్కమాటలో చెప్పుకోవచ్చు. అలమరా అంత గదిలో గోడకు కట్టిన సంచిలోకి దూరి పడుకుంటారు. తలకిందులైనా, నిటారుగా అయినా తేడా తెలియదు. గాలిని కదిపే ఫ్యాను మాత్రం తిరుగుతూ ఉండాలి. లేకపోతే విడిచిన ఊపిరి ముఖం చుట్టూనే మూగి ఊపిరాడదు.

ఖిబ్లా ఎటు?

ఇక నానీ ప్రశ్నకు వద్దాం. రెండో తప్పు ఇక్కడ చేశాను. "అక్కడ నమాజు కుదరదమ్మీ, వచ్చాక ఖజా చదువుకుంటారు" అని తోచింది చెప్పేశాను. కుదిరింది. చదివినవాళ్లున్నారు. దాని కోసం ఉలమాలూ శాస్త్రజ్ఞులూ కూర్చొని మార్గదర్శకాలే రాశారు.

సౌదీ రాజకుమారుడు సుల్తాన్ బిన్ సల్మాన్ 1985 జూన్ 17న డిస్కవరీ నౌకలో వెళ్లారు. రోదసికి వెళ్లిన తొలి అరబ్బు, తొలి ముస్లిం ఆయనే. వయసు 28 ఏళ్లు. అది రంజాన్ చివరి రోజులు. పైన ఉండగానే పండుగ వచ్చింది. పాదాలు కదలకుండా పట్టీల్లో దూర్చుకొని ఆయన నమాజు చదివారు.

అసలు చర్చ జరిగింది మలేషియాలో. ఆ దేశం తరఫున షేక్ ముజఫర్ షుకూర్ అనే ఎముకల డాక్టరు వెళ్లవలసి వచ్చినప్పుడు, 2006లో అక్కడి అంతరిక్ష సంస్థ శాస్త్రజ్ఞులనూ ధార్మిక పండితులనూ ఒకచోట కూర్చోబెట్టింది. వాళ్ల ముందున్న చిక్కులు చిన్నవి కావు. రోజుకు 16 సార్లు పొద్దు పొడుస్తుంటే ఫజ్ర్ ఎన్నిసార్లు? హైదరాబాద్ మీద నిలబడి తక్బీర్ చెబితే, సుమారు 9 నిమిషాల్లో మక్కా దాటిపోయే వేగంలో ముఖం ఎటు తిప్పాలి? తేలే మనిషి సజ్దా ఎలా చేయాలి? నీళ్లు తేలిపోతుంటే వుజూ ఎలా?

ఆ పండితులు ఇచ్చిన జవాబులు చదివితే, ధర్మంలో ఇంత వెసులుబాటు ఉందా అని మా అమ్మ ఆశ్చర్యపోయింది. నమాజులు 24 గంటలకు ఐదే. వేళలకు నౌక ఎక్కడి నుంచి బయల్దేరిందో ఆ ఊరి గడియారమే లెక్క. షుకూర్‌కైతే కజకిస్తాన్‌లోని బైకొనూర్. ప్రయాణికుడు కాబట్టి ఖస్ర్ చేసుకోవచ్చు, రెండేసి నమాజులు కలిపి చదువుకోవచ్చు. ఖిబ్లా విషయంలో ఎవరి శక్తి మేరకు వారు: కుదిరితే కాబా వైపు, కాకపోతే కాబాకు సరిగ్గా పైన ఆకాశంలో అదే ఎత్తున ఉండే చోటు వైపు, అదీ కాకపోతే భూమి వైపు, ఏదీ తెలియనప్పుడు ఎటైనా సరే. నిలబడలేకపోతే కూర్చొని, అదీ కుదరకపోతే పడుకొని, కనురెప్పల సైగతో, చివరకు మనసులోనే. మంచంపట్టిన ముసలివాళ్లు మన ఇళ్లలో ఎలా చదువుతారో అదే పద్ధతి 400 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లిందన్నమాట. నీళ్లు కుదరకపోతే తయమ్ముమ్. మట్టి లేదు కనుక శుభ్రమైన గోడనో అద్దాన్నో అరచేతులతో తాకినా చాలునన్నారు.

రోజా కూడా అంతే. ఉండగలిగితే బయల్దేరిన ఊరి వేళల ప్రకారం ఉండవచ్చు, లేదా తిరిగి వచ్చాక పూర్తిచేసుకోవచ్చు. షుకూర్ 2007 అక్టోబర్ 10న వెళ్లారు. మూడు రోజులకే ఈద్. తోటివారి కోసం పట్టుకెళ్లిన సతాయ్ కబాబులూ బిస్కెట్లూ పంచిపెట్టారు. మిగతావాళ్లెవరూ ముస్లింలు కారు. అయినా పండుగ జరిగింది.

ఆ తర్వాత రంజాన్ నెలంతా పైనే గడిపిన వ్యక్తి ఎమిరేట్స్‌కు చెందిన సుల్తాన్ అల్ నియాదీ. 2023 మార్చి 2న వెళ్లి సెప్టెంబర్ 4న తిరిగివచ్చారు. బయల్దేరే ముందు విలేకరులు రోజా గురించి అడిగితే, తాను ప్రయాణికుడి కిందికి వస్తానని, ఉపవాసం తప్పనిసరి కాదని, దానివల్ల పనికి గానీ తోటివారికి గానీ ముప్పు వచ్చేట్టయితే తినవలసిందేనని చెప్పారు. ఇంటర్ పరీక్షల రోజుల్లో ఈ మాట మీద ఎన్ని ఇళ్లలో వాదనలు జరుగుతాయో మనకు తెలుసు. ఆయన మాత్రం తన మీద మరో ఆరుగురి ప్రాణాలు ఆధారపడి ఉన్నాయని లెక్క వేసుకున్నారు.

అక్కడ చేసే పని

"పొద్దస్తమానం తేలుతూ ఉంటారా, పనేమైనా చేస్తారా?" అని మా బావగారి ఎకసెక్కం.

చేసినంత పని. గ్రీనిచ్ కాలం ప్రకారం పొద్దున్నే లేస్తారు. రోజంతా ఏ పని ఎప్పుడో నిమిషాలతో సహా ముందే రాసి ఉంటుంది. ప్రయోగాలు, మరమ్మతులు, సరకులు సర్దడం, తమ రక్తం తామే తీసుకొని పరీక్షకు దాచడం. వారాంతంలో ఇల్లు ఊడ్చినట్టు కేంద్రమంతా శుభ్రం చేయడం. డాక్టరైనా, పైలట్ అయినా, పంపు పాడైతే పానా పట్టవలసిందే. మోటారు మెకానిక్ పని తక్కువ చూపు చూసే మన చదువుకున్న అబ్బాయిలకు ఈ సంగతి వినిపించాలి.

అన్నింటికంటే కష్టమైన పని కేంద్రం బయటికి వెళ్లి చేసేది. ఆ దుస్తులు భూమి మీద వంద కిలోలకు పైగా తూగుతాయి. లోపల గాలి, చల్లబరిచే నీటి గొట్టాలు, మాట్లాడే పరికరాలు అన్నీ ఉంటాయి. అది బట్ట కాదు, మనిషి ఆకారంలో ఉన్న చిన్న నౌక. గాలి నింపిన తొడుగులో వేళ్లు ముడవడమంటే టెన్నిస్ బంతి నొక్కినంత బలం కావాలి, అదీ గంటల తరబడి. అల్ నియాదీ 2023 ఏప్రిల్ 28న అలా బయటికి వెళ్లి ఏడు గంటల పైన పనిచేశారు. అరబ్బుల్లో ఆ పని చేసిన మొదటివారు ఆయనే. తర్వాత నెలల్లో కేంద్రం నుంచి బడి పిల్లలతో మాట్లాడి వాళ్ల ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులు చెప్పారు. శుక్లా కూడా మన విద్యార్థులతో అలా మాట్లాడారు.

2013లో ఒక కెనడా వ్యోమగామి తడిపిన తువ్వాలును పిండి చూపించారు. నీళ్లు కింద పడలేదు, గాజు గొట్టంలా గుడ్డ చుట్టూ, చేతుల చుట్టూ అతుక్కున్నాయి. ఆ ప్రయోగం ఏ శాస్త్రజ్ఞుడి బుర్రలోంచో రాలేదు, ఇద్దరు బడి పిల్లలు సూచించారు.

భయం వేయదా?

ఈ ప్రశ్న రాత్రి పక్కలు వేసుకున్నాక వచ్చింది. భయపెట్టడం ఎందుకని దాటవేయబోయాను. దాటవేస్తే పిల్లలు ఇంకా పెద్దవి ఊహించుకుంటారు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను.

2013 జులైలో ఇటలీకి చెందిన లూకా పర్మితానో బయట పనిచేస్తుండగా శిరస్త్రాణంలోకి నీళ్లు ఊరడం మొదలైంది. నీళ్లు కిందికి జారవు కదా, ముఖాన్నే పట్టుకొని కళ్లకూ ముక్కుకూ పాకాయి. చూపు ఆనక, మాట సరిగా వినపడక, తనను కేంద్రానికి కట్టివుంచిన తీగను ఆధారం చేసుకొని తడుముకుంటూ తలుపు దాకా వచ్చి బతికారు. శూన్యం నడుమ నీటిలో మునిగిపోయే ప్రమాదమన్నమాట.

అందరూ బతకలేదు కూడా. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక నేలకు చేరడానికి కొద్ది నిమిషాల ముందు విరిగిపోయి ఏడుగురూ మరణించారు. మన హర్యానా ఆడపడుచు కల్పనా చావ్లా అందులో ఉన్నారు. మలేషియా పండితులు ఈ సంగతినీ వదలలేదు. అక్కడ ఎవరైనా చనిపోతే భౌతికకాయాన్ని భూమికి తేవాలని, ఏ విధంగానూ కుదరకపోతే క్లుప్తంగా జరపవలసినవి జరిపి అక్కడే సాగనంపవచ్చని రాశారు.

1988 ఆగస్టు 29న అఫ్ఘానిస్తాన్ నుంచి అబ్దుల్ అహద్ మొహమంద్ సోవియట్ కేంద్రం మీర్‌కు వెళ్లారు. ఊళ్లో యుద్ధం, కొడుకేమో ఆకాశంలో, తల్లి తల్లడిల్లింది. పైనుంచే ఆమెతో పష్తోలో మాట్లాడి తాను క్షేమమని చెప్పారు. తిరుగు ప్రయాణంలో యంత్రాలు మొరాయించి మరో రోజు ఇరుకు నౌకలోనే చిక్కుకున్నారు. చివరకు క్షేమంగా దిగారు. ఆ తర్వాత దేశం కల్లోలంలో పడితే జర్మనీలో తలదాచుకున్నారు. 1987లో మీర్‌కు వెళ్లిన సిరియా వ్యోమగామి ముహమ్మద్ ఫారిస్‌దీ ఇదే కథ. 2012లో కుటుంబంతో సరిహద్దు దాటి తుర్కియే చేరి, 2024లో అక్కడే కన్నుమూశారు. పైనుంచి చూస్తే దేశాల సరిహద్దులు కనిపించవని వెళ్లొచ్చిన ప్రతివారూ చెబుతారు. ఈ ఇద్దరూ కిందికి వచ్చాక వాటిని కాలినడకన దాటినంత పని చేశారు.

ఆడపిల్లలు

మేనకోడలు చివరిదాకా దాచుకున్న ప్రశ్న ఇది. అడిగేటప్పుడు నా వైపు కాక నానీ వైపు చూసింది. "ఆడపిల్లలు కూడా వెళ్లొచ్చా?"

1963లోనే వెళ్లారు, సోవియట్ యూనియన్‌కు చెందిన వాలెంతీనా తెరెష్కోవా. ఇరాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ అనూషే అన్సారీ 2006లో వెళ్లారు. సౌదీకి చెందిన రయ్యానా బర్నావీ 2023 మే 21న వెళ్లారు. అంతర్జాతీయ కేంద్రానికి వెళ్లిన అరబ్బు మహిళల్లో మొదటివారు. ఆమె యుద్ధ విమానాలు నడిపే వ్యక్తి కాదు, ప్రయోగశాలలో కణాల మీద పరిశోధన చేసే అమ్మాయి. పైన కూడా రోగనిరోధక కణాల మీదే పనిచేశారు. ఆమె, తోటి సౌదీ వ్యోమగామి అలీ అల్ ఖర్నీ కలిసి అక్కడ పిల్లల కోసం గాలిపటం ఎగరేసే ప్రయోగం చేశారు. తెలుగువారిలో శిరీష బండ్ల 2021 జులై 11న అంతరిక్షపు అంచు దాకా వెళ్లొచ్చారు. తండ్రి తెలంగాణ నుంచి వలసవెళ్లిన రాజా చారి 2021 నవంబర్ నుంచి ఆరు నెలల పాటు అంతర్జాతీయ కేంద్రంలో పనిచేశారు.

వాళ్లలో చాలామంది మొదట చదివింది లెక్కలు, భౌతికశాస్త్రం, వైద్యం, జీవశాస్త్రం. పదో తరగతి కాగానే పెళ్లి సంబంధాలు చూడటం మొదలుపెట్టే ఇంట్లో ఈ జాబితాకు అర్థం లేదు. నేనిది పిల్లలకు చెప్పలేదు, వాళ్లు నిద్రపోయాక పెద్దవాళ్లకు చెప్పాను. మా బావగారు ఏమీ అనలేదు.

కేంద్రాన్ని చూడటానికి దుర్బిణీ అక్కర్లేదు. పొద్దు గుంకిన గంటా రెండు గంటల లోపు గానీ, తెల్లవారుజామున సెహరీ వేళ దాటాక గానీ కనిపిస్తుంది. కింద మనకు చీకటి, పైన దానికి ఇంకా ఎండ ఉండాలి. మీ ఊరి మీదుగా ఏ రోజు ఏ దిక్కున వెళ్తుందో నాసావారు ముందుగానే తెలియజేస్తుంటారు. మా ఇంట్లో ఆ తేదీలు వంటింటి గోడకున్న క్యాలెండర్ మీద, ఇఫ్తార్ వేళల పక్కనే పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. అవి మేనకోడలు రాసినవి కావు. మా అమ్మ రాసుకున్నవి.